సగటున సరిపోయిన బస్సు

ప్రపంచాన్ని ఎనభైయేడో వంతుకి తగ్గించి చూపించడం దాలినాయుడి ఉద్యోగం. ప్రపంచమంతా కాదు లెండి. నాలుగు స్టేషన్లు, రెండు వంతెనలు, ఆరు లెవెల్ క్రాసింగ్ గేట్లు, వాటి చుట్టూ కాసిన్ని పొలాలు. శంబరిపేట రైల్వే శిక్షణ కేంద్రంలో ఓ పెద్ద గదినిండా బల్ల వేసి, దానిమీద ఇవన్నీ అమర్చి, బుల్లి రైళ్ళు నడుపుతూ కొత్తగా చేరిన స్టేషన్ మాస్టర్లకీ, గేట్‌మన్‌లకీ పాఠాలు చెబుతారు. అక్కడ రైళ్ళు గుద్దుకున్నా ఎవరూ చావరు. దాలినాయుడు లేచి, పడిపోయిన పెట్టెల్ని చేత్తో ఎత్తి పట్టాలమీద పెడతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని.

ఆ బల్లమీద ప్రతి వస్తువూ అసలుదానిలో సరిగ్గా ఎనభైయేడో వంతు. ఆరడుగుల మనిషి రెండు సెంటీమీటర్లు. దాలినాయుడు ఆ లెక్క తప్పి కొబ్బరిచెట్టు కూడా పాతలేదు. పెళ్ళాం సూరమ్మ మొక్కజొన్న కండె తింటుంటే, అది బల్లమీద ఎంతుంటుందో మనసులో లెక్కేసుకునే రకం. ఇలాంటివాడు ప్రభుత్వోద్యోగంలో ఎలా నెగ్గుకొచ్చాడని మీకు అనుమానం రావచ్చు. ఇరవై రెండేళ్ళూ ఆ గదిలోకి పై అధికారి ఎవడూ రాలేదు, అదీ రహస్యం.

చివరికి ఒకాయన వచ్చాడు. చాలా పెద్దాయన. ఎంత పెద్దాయనంటే, ఆయన వస్తున్నాడని గోడలకే కాదు, గోడ పక్కన కట్టేసిన మేక కొమ్ములకి కూడా రంగేశారు. ఆ పెద్దాయన బల్లంతా కలయజూసి, "రోడ్లమీద బండ్లేవీ?" అనడిగి, జవాబు కోసం ఆగకుండా టీకి వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళ ప్రశ్నకి జవాబు అక్కర్లేదు, ఫైలు కావాలి. పెద్దాయన కారు ఊరు దాటకముందే ఫైలు పుట్టింది. నమూనా విభాగం డైరెక్టర్ చతుర్వేదుల రమాకాంతరావు గారు తన చేత్తో దానికి తాడు కట్టాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, వాహనరహిత రహదారులు అభివృద్ధి రాహిత్యమునకు సంకేతములు అయినందున, నమూనా రహదారులపై లోహపు బొమ్మ వాహనములు ఐదు, చక్రములు తిరుగునవి, తక్షణమే ఏర్పాటు చేయవలెను."

కొనుగోలు కాగితంమీద దాలినాయుడు "ఎనభైయేడో వంతు సైజు" అని రాశాడు. స్టోర్సు విభాగంవాళ్ళు దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, "ఈ కార్యాలయము సంపూర్ణ వాహనములనే కొనును, వాహనముల వంతులను కొనదు" అని తిప్పి పంపారు.

బొమ్మలొచ్చాయి. జీపూ ట్రాక్టరూ ఎలాగోలా కళ్ళు మూసుకుంటే సరిపోతాయి. ఆటో మాత్రం స్టేషన్ గుమ్మంలో పెడితే గుమ్మం కనపడలేదు. పక్కనే నించోబెట్టిన స్టేషన్ మాస్టరు బొమ్మకి రెండింతల ఎత్తుంది. లారీ ఆ ఆటోలో ఎక్కించడానికి వీలైనంత చిన్నది. బొమ్మలు చేసేవాళ్ళ ధర్మం వేరు. వాళ్ళకి బండి కొలత కాదు, అట్టపెట్టె కొలత ముఖ్యం. లారీ అయినా, ఆటో అయినా అదే పెట్టెలో దూరాలి, అదే కొట్టులో వేలాడాలి. పిల్లలెవరూ అభ్యంతరం చెప్పరు, పిల్లలకి బుద్ధి ఎక్కువ.

దాలినాయుడు బొమ్మల్ని తిరగేసి, అడుగున అచ్చొత్తిన అంకెలు చూసి డైరెక్టర్ గారి దగ్గరికెళ్ళాడు.

"సార్, మన బల్ల స్కేలు ఎనభైయేడో వంతండి. ఆటో నలభైమూడో వంతు, జీపు అరవైనాలుగు, ట్రాక్టరు డెబ్భైరెండు, బస్సు వందో వంతు, లారీ నూట యాభైయారో వంతండి. దేనికదే, ఒకదానికొకటి పొంతన లేదు సార్."

రమాకాంతరావు గారికి స్కేలు అనే మాట ఆ అర్థంలో వినపడ్డం అదే మొదటిసారి. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన స్కేలంటే జీతం స్కేలే అనుకున్నాడు.

"ఆగవయ్యా. లారీకి నూట యాభైయారు అంకె ఉండి, అదే అన్నింట్లోకీ చిన్నదా?"

"అవునండి. అంకె పెరిగేకొద్దీ బొమ్మ తగ్గుతాదండి."

"అంకె పెరిగితే సైజు తగ్గుతుందా! మన శాఖలో ఎక్కడైనా ఉందా ఈ పద్ధతి?" అని ఆయన కాసేపు కుర్చీలో వెనక్కి వాలాడు. తరవాత ఆయన కళ్ళు మెరిశాయి. అధికారి కళ్ళు మెరిశాయంటే కింది ఉద్యోగికి చీకటి పడ్డట్టే. "నాయుడూ, ఇది చాలా లోతైన విషయం. దీనికో సంఘం వేద్దాం."

అలా స్కేలు సమన్వయ సంఘం పుట్టింది. అధ్యక్షుడు డైరెక్టర్ గారు. కార్యదర్శి ఆఫీసు సూపరింటెండెంటు ఏసుదాసు గారు. దాలినాయుడు ప్రత్యేక ఆహ్వానితుడు, అంటే కుర్చీలు మోసేవాడు. మూడు నెలల్లో సంఘం పదకొండుసార్లు సమావేశమై, ఆటోని పదకొండుసార్లు కొలిచింది. పదకొండుసార్లూ అది అంతే ఉంది. ఎనిమిదో సమావేశంలో ఒక సభ్యుడు, ఆటోని వెనక్కి జరిపితే చిన్నగా కనిపిస్తుంది కదా అన్నాడు. ఆయన సూచనని మెచ్చుకుంటూ తీర్మానం చేశారు.

చిక్కు విప్పినవాడు ఏసుదాసు గారు. ఆయనది ముప్పై ఏళ్ళ అనుభవం. ఆ ఆఫీసులో ఏ నివేదికైనా సగటులోనే పైకి వెళ్తుంది. ఒక రైలు ఆరు గంటలు ఆలస్యంగా వచ్చి, పదకొండు రైళ్ళు వేళకొస్తే, అన్నీ సగటున అరగంట ఆలస్యమని రాస్తారు. పట్టాలమీద ఆరు గంటలు కూచున్నవాడు కూడా ఆ లెక్కన అరగంటే కూచున్నట్టు. ఆ అలవాటుతోనే ఏసుదాసు గారు ఐదు బొమ్మల అంకెలూ కూడి, ఐదుతో భాగించి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ భాగించారు.

"నాలుగువందల ముప్పయ్యయిదు బై అయిదు... ఎనభయ్యేడు సార్!"

దేవుడున్నాడని ఒక సభ్యుడు అన్నాడు.

"చూశావా నాయుడూ! విడివిడిగా చూస్తే నీకు తేడాలు కనపడ్డాయి. సమగ్ర దృష్టితో చూడు. ఐదు వాహనములూ సగటున ఖచ్చితంగా ఎనభైయేడో వంతు!"

"సగటు సరేనండి, ఆటో మాత్రం అలాగే ఉంది కదండి. పోనీ ఆ ఒక్కటీ తీసేస్తాను సార్."

డైరెక్టర్ గారు ఉలిక్కిపడ్డాడు. "తీసేస్తావా? తీస్తే సగటు చెడుతుంది! ఆ ఆటో అంత పెద్దది కాబట్టే ఆ లారీ అంత చిన్నగా ఉండగలుగుతోంది."

ఐదు బొమ్మలకీ కలిపి ఒకే ధ్రువపత్రం ఇచ్చారు. దానికి అద్దం కట్టించి గోడకి వేలాడదీశారు. ఆటో గుమ్మానికి అడ్డంగా శాశ్వతంగా ఉండిపోయింది. ఇంతటితో ఆగితే దాలినాయుడికి నవ్వుకోడానికి ఓ కథ మిగిలేది. కానీ విజయం రుచి మరిగిన అధికారి, కూర రుచి మరిగిన పిల్లిలాగే, ఉట్టి వైపు చూడక మానడు.

నెల తిరక్కుండా ఇంకో ఉత్తర్వు వచ్చింది. "నమూనాలో నిరూపణ కానిదే క్షేత్రములో నిర్మాణము లేదు." ఇకమీదట ఏ వంతెనైనా, ఏ దారైనా ముందు శంబరిపేట బల్లమీద ధ్రువీకృత వాహనములతో నడిపి చూపాలి. అక్కడ నెగ్గితేనే అసలు పని మొదలు. మొట్టమొదట నిరూపణకి వచ్చిన పని, జీడివలస గేటు తీసేసి, పట్టాల కింద నుంచి దారి తవ్వడం.

జీడివలస దాలినాయుడి ఊరు. పట్టాలకి అవతల ఉంటుంది. ఊళ్ళో సగంమంది, సూరమ్మతో సహా, కూరగాయలు పండించి, శంబరిపేట మార్కెట్‌కి తెచ్చి అమ్ముకుంటారు. పొద్దున్న ఆరింటికి ఒకే ఒక్క బస్సు. ఆడాళ్ళు లోపల కూచుంటారు, వంకాయల గంపలూ, ఆనపకాయల బస్తాలూ పైన కూచుంటాయి. గేటు పోతే ఆ బస్సు పట్టాల కింద నుంచే రావాలి. రాలేకపోతే చుట్టుదారి ఇరవై కిలోమీటర్లు, ఆ దారి చూసి ఎడ్లబండే భయపడుతుంది. ఇంజినీర్లు పది అడుగుల ఎత్తు చాలన్నారు, అంతకన్నా లోతు తవ్వితే ఊట నీళ్ళు పడతాయట. ఊరివాళ్ళు పదమూడు అడుగులు కావాలన్నారు. బల్లమీద తేల్చుకుందాం అన్నాడు డైరెక్టర్ గారు.

ఆ సాయంత్రం దాలినాయుడు అన్నం కలుపుతూ పెళ్ళాంతో సంగతి చెప్పాడు.

"మరేటి బయ్యం?" అంది సూరమ్మ. "నీ సేతిలో పనేగదా. బస్సు పట్టేలాగ కట్టు."

"కట్టడం కాదే. పది అడుగులంటే బల్లమీద ముప్పయ్యయిదు మిల్లీమీటర్లు. ఆళ్ళు కొన్న బస్సు బొమ్మ ముప్పయ్రెండే ఉంది. అది సులువుగా దూరిపోద్ది. నిజం బస్సు దూరదు."

"ఎంతట్లో దూరదు?"

"బల్లమీద బియ్యపుగింజ మందం. ఊళ్ళో అరడుగు."

సూరమ్మ గరిటె కింద పెట్టింది. "బియ్యపుగింజంత దానికి నా యాపారం మూసుకోవాలేటి? ఆల్లకి సెప్పు."

"సెప్తే ఇంతారా?"

"ఇనకపోతే సూపించు. కళ్ళున్నాయి గదా ఆల్లకి."

మర్నాడు దాలినాయుడు టేపు పట్టుకుని డిపోకి వెళ్ళాడు. జీడివలస బస్సు డ్రైవర్ గవరయ్యా, తనూ కలిసి నిచ్చెనెక్కి కొలిచారు. సరిగ్గా పదిన్నర అడుగులు, గంపలు కాకుండా. దాలినాయుడు నాలుగు రోజులు కూచుని, బిస్కెట్ డబ్బా రేకు కత్తిరించి, ఆ బస్సుని ఎనభైయేడో వంతున తయారుచేశాడు. కిటికీలు, వెనక నిచ్చెన, అన్నీ. ముప్పయ్యేడు మిల్లీమీటర్ల ఎత్తు, అందులో పిసరంత రంగు మందం. పైన పెట్టడానికి బుల్లి గంపలు కూడా అల్లాడు గానీ, మరీ అతి చేశాడంటారని జేబులోనే ఉంచుకున్నాడు.

నిరూపణ రోజున గదినిండా అధికారులు, బల్లమీద దాలినాయుడు పది అడుగుల లెక్కన కట్టిన దారి. బల్లమీద ఊదొత్తి కూడా వెలిగించారు, దాని పొగ ఎన్నో వంతో ఎవరూ అడగలేదు. డైరెక్టర్ గారు బొమ్మ బస్సుని వేలితో తోశాడు. అది పట్టాల కింద నుంచి జారుకుంటూ అవతలకి వెళ్ళి గడ్డిలో ఆగింది. చప్పట్లు మోగాయి.

"సార్, ఒక్క మనవి," అని దాలినాయుడు ముందుకొచ్చి తన రేకు బస్సు బయటపెట్టాడు. "ఇది జీడివలస బస్సండి. నేనే కొలిచినానండి. ఒకసారి దీన్ని కూడా తోయండి సార్."

ఎవరో కుతూహలం కొద్దీ తోశారు. బస్సు దారి గుమ్మం దాకా వెళ్ళి, పైకప్పు తగిలి టక్కున ఆగింది. మళ్ళీ తోశారు. మళ్ళీ టక్కుమంది. చప్పట్లు కొట్టినవాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఫైళ్ళు పట్టుకున్నారు.

డైరెక్టర్ గారు ఆ బస్సుని తిరగేసి అడుగు చూశాడు. "దీని అడుగున అంకె ఏదయ్యా?"

"అంకె ఎందుకండి, నా దగ్గర కొలతలున్నాయి. కావాలంటే ఇప్పుడే ఎనభైయేడు అని చెక్కుతాను."

"స్వయం ప్రకటిత స్కేలు చెల్లదు. పైగా ఇది కొన్న వాహనం కాదు, రేకు డబ్బా. సంఘం ధ్రువీకరించిన ఐదు వాహనాల్లో లేదు. దీన్ని కలిపితే సగటు ఏమైపోతుంది?"

"ఏమీ కాదండి!" దాలినాయుడికి ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. "ఎనభైయేడుకి ఎనభైయేడు కలిపితే సగటు ఎనభైయేడే ఉంటాదండి. ఏసుదాసు గారిని అడగండి."

ఏసుదాసు గారు వేళ్ళమీద లెక్కేసి, నిజమేనన్నట్టు తలూపబోయి, డైరెక్టర్ గారి ముఖం చూసి మెడ నొప్పి ఉన్నవాడిలా మెడ నిమురుకున్నారు.

"నాయుడూ," అన్నాడు డైరెక్టర్ గారు, కోపం లేకుండా, జాలిగా. "నువ్వు ఒక్క బస్సుని చూస్తున్నావు. మేము రహదారి వ్యవస్థని చూస్తున్నాం. నీ బస్సుకీ గుమ్మానికీ తేడా ఎంత?"

"రెండు మిల్లీమీటర్లకి కాస్త తక్కువండి."

"రెండు మిల్లీమీటర్ల కోసం ఒక ఫైలు వెనక్కి పంపితే పైవాళ్ళు నా మొహాన ఉమ్మేస్తారు. మిల్లీమీటర్లకి మా నివేదికలో గడే లేదు. ఈ అనధికార వాహనాన్ని స్వాధీనం చేసుకోండి."

రేకు బస్సుని కవరులో పెట్టి సీలు వేశారు. పది అడుగులు ఖాయమైంది. దాలినాయుడికి కడుపు మండిపోయింది. కానీ మూడేళ్ళలో రిటైరయ్యేవాడు, పిల్ల చదువు నడుస్తున్నవాడు, కడుపు మంటని మజ్జిగతోనే ఆర్పుకోవాలి. ఒక పని మాత్రం చేశాడు. మూడు అర్జీలు రాసి పంపాడు. మూడింటికీ కలిపి, సగటున ఒక అర్జీగా పరిగణించి, ఒకే జవాబు ఇచ్చారు. "పరిశీలనలో ఉన్నది."

పది నెలల్లో దారి తయారైంది. గేటు పీకేసి, అది ఉన్నచోట పట్టాల ముక్కలు అడ్డంగా పాతి, మేకపిల్ల కూడా దూరకుండా మూసేశారు. ప్రారంభోత్సవం రోజున డైరెక్టర్ గారు స్వయంగా జీడివలస వెళ్ళి, బస్సులో ముందు సీట్లో, దండ మెళ్ళో వేసుకుని కూచున్నాడు. వెనక ఊరి ఆడాళ్ళు, పైన నలభై గంపలు. దారి గుమ్మానికి పది గజాల ముందు గవరయ్య బ్రేకు తొక్కాడు.

"ఏమయ్యా, ఆపావేం?"

"పట్టదు బాబూ."

"పడుతుంది. నేను స్వయంగా చూశాను. ఇంకా జాగా మిగిలింది కూడా."

"ఎక్కడ సూసినారు బాబూ?"

"శంబరిపేటలో. బల్లమీద."

గవరయ్య స్టీరింగు వదిలేసి చేతులు జోడించాడు. "అయితే ఆ బస్సు నడిపినోన్ని పిలిపించండి బాబూ. ఆడు తోల్తే నాను ఎనక్కూకుంటాను."

వెనక ఆడాళ్ళు నవ్వారు. నవ్వేసరికి డైరెక్టర్ గారికి పౌరుషం పొడుచుకొచ్చింది. గంపలు దించండి, పోనివ్వండి, ఇది ఉత్తర్వు అన్నాడు. గంపలన్నీ రోడ్డుమీదకి దిగాయి. గవరయ్య దేవుడికి దండం పెట్టుకుని, నత్తలా ముందుకి పోనిచ్చాడు. పైకప్పు కాంక్రీటుకి తగిలి, రేకు చీలుతూ, పళ్ళు పులిసేలా అరిచి, బస్సు మూతి లోపలా ఒళ్ళు బయటా ఇరుక్కుపోయింది. చక్రాల గాలి తీసి, ఊరంతా వెనక్కి లాగితే గానీ రాలేదు. డైరెక్టర్ గారు దండతో సహా దిగి, అవతలకి నడిచి వెళ్ళాడు. తల తగల్లేదు. ఆ సంగతి నివేదికలో ప్రత్యేకంగా రాయించాడు.

విచారణ జరిగింది. విచారణ సంఘానికి అధ్యక్షుడెవరో చెప్పక్కర్లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నవాడు, నాలుగో కాలు కనిపిస్తే కుందేలుని తప్పుపడతాడు. సంఘం సారాంశం ఇది. "దారి ఎత్తు ఆమోదిత నమూనా ప్రకారమే ఉన్నది. ఆమోదిత బస్సు సదరు దారిలో నిరభ్యంతరముగా ప్రయాణించినది. కావున లోపము దారిలో లేదు. ఆమోదిత బస్సు ఎత్తును ఎనభైయేడుతో హెచ్చించి చూడగా, జీడివలస బస్సు ఒక అడుగు నాలుగు అంగుళములు అక్రమముగా ఎత్తు పెరిగియున్నట్లు తేలినది. సదరు బస్సును తగు ఎత్తునకు తగ్గించవలసినదిగా డిపోను కోరడమైనది."

డిపోవాళ్ళు జవాబు రాశారు. తమది నిజం బస్సనీ, దాన్ని ఎత్తు తగ్గిస్తే ప్రయాణికులు పడుకుని వెళ్ళాల్సి వస్తుందనీ. దానికి డైరెక్టర్ గారి ప్రత్యుత్తరం, "నిజము బస్సు అనుటకు ధ్రువపత్రము ఏదీ? ఆమోదిత బస్సునకు ధ్రువపత్రము కలదు. నకలు జతపరచడమైనది."

డిపోవాళ్ళకి చిరాకేసి జీడివలస సర్వీసు రద్దు చేశారు. ఆటో మాట్లాడుకుంటే కూరల డబ్బు దాని కిరాయికే చాలదు.

సూరమ్మ ఇప్పుడు తెల్లవారుజామున మూడున్నరకి లేస్తుంది. పాతిక కిలోల గంప నెత్తికెత్తుకుని, ఊరి ఆడాళ్ళతో కలిసి ఆ దారిలోంచి నడిచి, మార్కెట్‌కి ఏడు కిలోమీటర్లు వెళ్తుంది. నాలుగు నెలలకే మెడ పట్టేసి, ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక ఒళ్ళంతా తిరగడం మొదలుపెట్టింది. ఆనపకాయలు మోయలేక తోట సగం బీడు పెట్టారు. వానాకాలం దారి నడిమధ్య నడుంలోతు నీళ్ళు నిలిచాయి. ఊరివాళ్ళు మొరపెట్టుకుంటే, అటు గట్టూ ఇటు గట్టూ కలిపి కొలిచి, నీటిమట్టం సగటున చీలమండ దాకానే ఉందని ఇంజినీర్లు రాశారు. ఆ సగటులోనే పోలమ్మ ముసలిది గంపతో సహా పడి తుంటి విరగ్గొట్టుకుంది.

"నువ్వు కట్టిన బొమ్మే గదా అది," అంది సూరమ్మ ఒకరోజు, మెడకి ఆవనూనె రాయించుకుంటూ. తిట్టలేదు. తిట్టినా బావుండేది.

"నాను కొలత తప్పనేదే."

"తప్పనేదు. మాకే తప్పింది."

దాలినాయుడు నూనె గిన్నె పక్కన పెట్టాడు. సిగ్గేసింది. తప్పు తనది కాదని వెయ్యిసార్లు తెలిసినా సిగ్గేసింది.

ఇంతలో పెద్దాయన మళ్ళీ వస్తున్నాడని కబురు. డైరెక్టర్ గారు బల్ల చుట్టూ తిరిగి, జీడివలస దగ్గర ఆగాడు.

"ఇక్కడ బోసిగా ఉంది నాయుడూ. దారి బ్రహ్మాండంగా ఉంది, వాడుకునేవాళ్ళే లేరు. జనం పెట్టు. నడుస్తూ వెళ్తున్నట్టు. మన దారిని ప్రజలు వినియోగించుకుంటున్నారని తెలియాలి. మళ్ళీ స్కేలు తప్పిందంటే ఊరుకోను, జాగ్రత్త."

దాలినాయుడు వారం రోజులు కూచున్నాడు. సన్నతీగ వంచి, మైనం అద్ది, పదమూడుమంది ఆడాళ్ళని చేశాడు. ఒక్కొక్కరికీ నెత్తిన గంప. ఒకావిడ చీర కుచ్చిళ్ళు మోకాలి పైకి దోపుకుంది, నీళ్ళున్నాయి కనక. ఒకావిడ మెడ పక్కకి ఒరిగి ఉంది. వేలిగోరంత లేని ముఖాలకి ఒంటి వెంట్రుక కుంచెతో కళ్ళు దిద్దాడు. ఆ గదిలో అంతవరకూ ఏ బొమ్మకీ ముఖం లేదు.

పెద్దాయన రావడానికి ముందురోజు డైరెక్టర్ గారు భూతద్దం పెట్టి చూశాడు. ఒక్కొక్క బొమ్మనీ కొలిపించాడు. పదమూడూ, సగటున కాదు, విడివిడిగా, సరిగ్గా ఎనభైయేడో వంతు.

"అద్భుతం నాయుడూ! ఎంత సహజంగా ఉన్నారు! ఎవర్ని చూసి చేశావు?"

"మా ఊరోళ్ళండి. ఆ మెడ ఒరిగింది మా ఆడదండి."

"ఓహో, కుటుంబ సమేతంగా సేవ!" డైరెక్టర్ గారు ముచ్చటపడి మళ్ళీ భూతద్దంలోకి వంగాడు. కాసేపయ్యాక నొసలు ముడిచాడు. "అంతా బాగుంది గానీ, ముఖాల్లో సంతోషం లోపించింది. రేపు పెద్దాయన చూస్తారు. మన దారిలో నడిచేవాళ్ళు నవ్వుతూ ఉండాలి. ఈ పూటలో సరిచేసెయ్."

దాలినాయుడు కుంచె తీసుకున్నాడు. రంగులో ముంచాడు. సూరమ్మ ముఖం దగ్గరికి తీసుకెళ్ళి, మళ్ళీ కుంచె బల్లమీద పెట్టేశాడు.

"సరిచేస్తే స్కేలు తప్పుతాది సార్," అన్నాడు.

స్కేలు మాట వినగానే డైరెక్టర్ గారు నిటారుగా అయ్యాడు. ఆ ఒక్క విషయంలో ఆయనది రాజీలేని పట్టుదల. "అయితే వద్దు, ముట్టుకోకు, అలాగే ఉంచెయ్," అని తలాడిస్తూ, ఏడుపు ముఖాల కింద ఆమోదముద్ర వేయించాడు.